చర్మ క్యాన్సర్ కంటిదాకా వస్తే: ఎలా కనిపెట్టాలి, ఏం చేయించాలి

చర్మ క్యాన్సర్ కంటిని చేరడానికి మూడు దారులున్నాయి. రెప్ప మీదో, ముక్కు పక్కనో పుట్టిన పుండు అంచులు తినుకుంటూ లోపలికి పోవడం ఒకటి. నుదుటి మీదో చెంప మీదో ఉన్న క్యాన్సర్ చర్మం కింది నరాన్ని పట్టుకుని కంటిగూటి వెనక్కి పాకడం రెండోది. వీపు మీదో కాలి మీదో లేచిన మెలనోమా (రంగు కణాల్లో పుట్టే క్యాన్సర్) రక్తంలో కలిసి కంటిలోపల దిగడం మూడోది. మూడింటికీ లక్షణాలు వేరు, పరీక్షలు వేరు, చాలాసార్లు చూడాల్సిన డాక్టరూ వేరే. రెప్ప మీది పుండుకి రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) పరీక్ష చేయించుకుని "అంతా బాగుంది" అనుకోవడం, నుదురు మొద్దుబారుతుంటే కళ్లద్దాల నంబరు మార్చుకోవడం, ఆలస్యాలన్నీ దాదాపు ఇలాగే మొదలవుతాయి. అందుకే ముందు ఏ దారో తేల్చుకోవాలి.

ఇంకో చిక్కుముడిని కూడా మొదట్లోనే విప్పుకోవాలి. రిపోర్టులో "కంటి మెలనోమా" అని ఉన్నంత మాత్రాన అది చర్మం నుంచి వచ్చిందని కాదు. రంగు కణాలు కంట్లోనూ ఉంటాయి. కనుగుడ్డు మధ్య పొర అయిన యువియాలో అక్కడికక్కడే మెలనోమా పుడుతుంది. పెద్దవాళ్ల కనుగుడ్డులోనే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇది పాకితే ఎక్కువగా కాలేయానికి పాకుతుంది. చర్మపు మెలనోమా కంట్లోకి రావడం ఇంతకన్నా అరుదు. ఒంట్లో వేరేచోట పుట్టి కంట్లోకి చేరే క్యాన్సర్లలో అధిక భాగం రొమ్మువి, ఊపిరితిత్తులవి. రెండు మెలనోమాలూ పేరుకే అన్నదమ్ములు, జన్యువుల్లో పరాయివాళ్లు. చర్మపు మెలనోమాల్లో దాదాపు సగంలో బీఆర్ఏఎఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది (అరికాలిలో, అరచేతిలో, గోరు కింద పుట్టేవాటిలో తక్కువ). యువియా మెలనోమాల్లో అది దాదాపు కనిపించదు, జీఎన్ఏక్యూ లేదా జీఎన్ఏ11లో మార్పు ఉంటుంది. మందు ఎంపిక దీన్నిబట్టే మారిపోతుంది. ఒకదానికి పనిచేసే మాత్ర రెండోదానికి దండగ. "ఇది కంట్లో పుట్టిందా, కంట్లోకి వచ్చిందా?" అని డాక్టరును సూటిగా అడగండి.

పాత కాగితాలు ముందు తీయండి

కంటి డాక్టరు దగ్గర చాలామంది బీపీ, షుగరు చెబుతారు. ఎప్పుడో వీపు మీద తీయించుకున్న పుట్టుమచ్చ సంగతి చెప్పరు, అది అయిపోయిన కథ అనుకుంటారు. మెలనోమా తీసేసిన పదేళ్ల తర్వాత కూడా మరోచోట తేలగలదు. "నాకు ఫలానా ఏడు మెలనోమా తీశారు" అన్న ఒక్క మాట వింటే డాక్టరు చూసే తీరే మారుతుంది. ఆ మాట పడనందువల్లే కంట్లో తేలే క్యాన్సర్ కణాలు నెలల తరబడి మామూలు వాపుగా చలామణీ అయిపోతాయి.

ఒక్క కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి. మెలనోమా అయితే: ఏ చోట, ఏ సంవత్సరం, మందం ఎన్ని మిల్లీమీటర్లు, పైన పుండు పడిందా, లింఫు గ్రంథులకు పాకిందా, బీఆర్ఏఎఫ్ ఫలితం ఏమిటి. ఈ మందాన్ని బ్రెస్లో మందం అంటారు. అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు 1970లో చెప్పిన కొలత, ఇప్పటికీ దశ నిర్ణయించేది దీన్నిబట్టే. 1 మి.మీ. లోపలిది ఒక లెక్క, 4 మి.మీ. దాటింది మరో లెక్క.

స్క్వామస్ సెల్ క్యాన్సర్ (చర్మం పైపొర కణాల్లో పుట్టేది) అయితే వెడల్పు, లోతు, అన్నిటికన్నా ముఖ్యంగా "పెరిన్యూరల్ ఇన్వేజన్" అన్న మాట రిపోర్టులో ఉందా అన్నది. నరం చుట్టూ కణాలు కనిపించాయని దానర్థం. ఆ నరం 0.1 మి.మీ. లేదా అంతకన్నా లావుదైతే, లేదా కణితి 6 మి.మీ. కన్నా లోతుకు దిగితే ప్రమాదం ఎక్కువ వర్గంలో పడినట్టే. బేసల్ సెల్ క్యాన్సర్ (పైపొర అడుగు కణాల్లో పుట్టేది) అయితే ఏ రకమో చూడండి. గుండ్రంగా గడ్డకట్టే రకం కొంత మంచిది. ఇన్‌ఫిల్ట్రేటివ్, మార్ఫియాఫార్మ్ అని రాసి ఉంటే అది వేళ్లలా పాకే రకం, పైకి కనిపించేదానికన్నా లోపల వెడల్పుగా ఉంటుంది. కిడ్నీ మార్పిడి లాంటివి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే అదీ రాయండి, వాళ్లలో స్క్వామస్ సెల్ క్యాన్సర్ ఎక్కువగానూ మొండిగానూ వస్తుంది.

ముక్క పరీక్ష చేసిన ల్యాబులో స్లైడ్లు, బ్లాకులు (మైనంలో దాచిన ముక్కలు) ఇంకా ఉన్నాయేమో ఫోన్ చేసి కనుక్కోండి. కంట్లోంచి తీసిన కొత్త కణాలు పాతదాని నుంచి వచ్చినవేనా అన్నది రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది.

నెలకోసారి ఇంట్లో చూసుకోవడం

పది నిమిషాల పని. కావలసినవి: పగటి వెలుతురు పడే కిటికీ, చేతి అద్దం, చిన్న దూది పోచ, ఒక కాగితం, స్కేలు. ఇంకో మనిషి సాయం ఉంటే మేలు.

1. కాగితం మీద 10 సెం.మీ. చతురస్రం గీసి, లోపల 5 మి.మీ. గళ్లు కొట్టి, నడిమధ్య ఒక చుక్క పెట్టండి. ఆమ్‌స్లర్ గ్రిడ్ అంటే ఇదే. చదివే కళ్లద్దాలుంటే పెట్టుకుని, 30 సెం.మీ. దూరంలో పట్టుకుని, ఒక కన్ను పూర్తిగా మూసి చుక్కనే చూడండి. చుట్టూ గీతలు వంకరపోయాయా, ఎక్కడైనా చెరిగిపోయినట్టుందా? రెండో కంటితోనూ అలాగే. రెండు కళ్లూ తెరిచి చూస్తే ఈ పరీక్షకు అర్థం లేదు, బాగున్న కన్ను బాగాలేనిదాన్ని కప్పిపుచ్చుతుంది.

2. ఆ గడి చూపు నడిమి భాగాన్నే పరీక్షిస్తుంది. అంచుల కోసం: ఎదుట ఒకరు కూర్చుని, మీరు వాళ్ల ముక్కు మీదే చూపు నిలిపి, ఒక కన్ను మూసుకుంటే, వాళ్లు పైనుంచి, కిందనుంచి, రెండు పక్కల నుంచి వేలు ఆడిస్తూ లోపలికి తేవాలి. ఒక పక్కనుంచి వస్తే మాత్రం వేలు ఆలస్యంగా కనబడుతుంటే రాసుకోండి.

3. అద్దంలో రెప్పల అంచులు. కింది రెప్పను వేలితో కిందికి లాగి, పైకి చూస్తూ లోపలి ఎరుపు భాగం చూడండి. పై రెప్పను పైకెత్తి కిందికి చూడండి. వెంట్రుకలు ఒకేచోట రాలి ఖాళీ ఏర్పడిందా అన్నది గమనించాల్సిన మొదటి సంగతి.

4. తెల్లగుడ్డు మీద గోధుమ రంగు మచ్చ. నల్లటి చర్మం ఉన్నవాళ్లకు రెండు కళ్లలోనూ నల్లగుడ్డు చుట్టూ పలచగా రంగు ఉండటం సహజం. నడివయసు దాటాక ఒకే కంట్లో కొత్తగా వచ్చి పెరుగుతుంటే అది సహజం కాదు.

5. దూది పోచతో స్పర్శ. కళ్లు మూసుకుని నుదురు కుడి, ఎడమ, కంటికింద చెంప కుడి, ఎడమ, పై పెదవి. రెండు పక్కలా ఒకేలా తెలుస్తోందా? దీన్ని ఎవరూ చేసుకోరు, అందుకే ముఖ్యం.

6. తల కదపకుండా కళ్లు మాత్రం ఆరు దిక్కులకూ తిప్పి, ఎక్కడైనా ఒకటి రెండుగా కనిపిస్తోందేమో చూడండి.

7. మీరు కుర్చీలో తల కాస్త వెనక్కి వాల్చి కూర్చుంటే, వెనక నిలబడ్డవాళ్లు కనుబొమల మీదుగా కిందికి చూడాలి. ఒక కన్ను రెండోదానికన్నా ముందుకు వచ్చి ఉంటే ఆ కోణంలో ఇట్టే తెలిసిపోతుంది. డాక్టరు దీన్నే హెర్టెల్ పరికరంతో కొలుస్తారు, రెండు కళ్లకూ 2 మి.మీ. కన్నా తేడా ఉంటే కారణం వెతుకుతారు.

8. చివరగా చెవి ముందు భాగం, దవడ కింద వేళ్ల కొసలతో తడమండి. రెప్పల బయటి సగం చెవి ముందు గ్రంథికి, లోపలి కొలికి దవడ కింది గ్రంథికి సంబంధం. బఠాణీ గింజంత గట్టిగా, నొప్పి లేకుండా తగిలితే చెప్పాలి.

మచ్చ ఏదైనా ఉంటే పక్కన స్కేలు పెట్టి అదే కిటికీ దగ్గర, అదే దూరం నుంచి ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు, మెరుపు అంచు అందులో కనిపించకుండా పోతుంది.

ఆగకూడనివి: కంటి ముందు తెర దిగినట్టు చూపు పోవడం, ఉన్నట్టుండి మెరుపులతోపాటు నల్లచుక్కల వాన కురిసినట్టుండటం, కన్ను ఎర్రబడి తలనొప్పి, వాంతులు. వీటికి ఆ రోజే వెళ్లాలి. కొత్తగా ఒకటి రెండుగా కనిపించడం, మొద్దుబారడం, రెప్ప వాలిపోవడం లాంటివాటికి వారం దాటనివ్వకండి.

రెప్ప మీది పుండు

బేసల్ సెల్ క్యాన్సర్ ఎక్కువగా కింది రెప్ప మీద, ఆ తర్వాత ముక్కువైపు కొలికిలో వస్తుంది. ముత్యంలా మెరిసే అంచు, దాని మీద సన్నటి ఎర్ర నాళాలు, మధ్యలో గుంట, పెచ్చు కట్టి ఊడి మళ్లీ రక్తం చిమ్మడం. పుస్తకాల్లో బొమ్మ ఇదే. చామనఛాయ, నల్లటి చర్మంలో మాత్రం ఇది తరచూ నల్లగా, నీలంగా ఉండి పుట్టుమచ్చలా మోసం చేస్తుంది. వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. ముక్కువైపు కొలికిలోనిది కన్నీటి సంచి పక్కగా, ఎముక వెంట కంటిగూట్లోకి నిశ్శబ్దంగా దిగుతుంది. వేళ్లతో కదిపితే పుండు ఎముకకు అతుక్కుపోయినట్టు కదలకపోవడం, కన్ను ఒకవైపు పూర్తిగా తిరగకపోవడం లోపలికి దిగిందనడానికి గుర్తులు. నొప్పి ఉంటేనే క్యాన్సర్ అనుకునేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.

అన్నిటికన్నా మోసకారి సెబేషియస్ గ్రంథి క్యాన్సర్. రెప్పలోని నూనె గ్రంథుల్లో పుడుతుంది, పై రెప్పలో ఎక్కువ. కంటికురుపులా కనిపిస్తుంది. కోసి పిండేస్తారు, కొన్ని వారాలకు అక్కడే మళ్లీ లేస్తుంది. ఒక్కోసారి గడ్డే ఉండదు. ఒకే కన్ను నెలల తరబడి ఎర్రగా, రెప్ప మందంగా ఉంటుంది, చుక్కలు మార్చిమార్చి వేస్తారు. ఇక్కడ పెట్టుకోవాల్సిన లెక్క సులువు: కురుపు అదే చోట రెండోసారి వస్తే కోసి పారేయకుండా ముక్క పరీక్షకు పంపాలి. పంపేటప్పుడు "సెబేషియస్ అనుమానం" అని ఫారంలో రాయించాలి, లేకపోతే ల్యాబులో దీన్ని స్క్వామస్ అనో బేసల్ అనో పొరబడే వీలుంది. ఇది కణితి నుంచి దూరంగా కూడా తెల్లగుడ్డు పైపొరలో పలచగా పరుచుకుంటుంది కాబట్టి, నిర్ధారణ అయ్యాక కంటి చుట్టూ పలుచోట్ల నుంచి చిన్నచిన్న ముక్కలు తీసి మ్యాప్ గీసినట్టు పరీక్షిస్తారు. చిన్న వయసులో వచ్చినా, ఇంట్లో పెద్దపేగు క్యాన్సర్ ఉన్నా మ్యూర్-టోరె సిండ్రోమ్ (ఈ క్యాన్సర్లు వంశపారంపర్యంగా వచ్చే జబ్బు) కోసం జన్యు పరీక్ష అడగండి.

మెర్కెల్ సెల్ క్యాన్సర్ అరుదు. నొప్పి లేకుండా, ఊదా ఎరుపులో, వారాల్లో పెరిగే బుడిపె. దాని వేగమే దాని గుర్తు.

తీసేయడంలో రెండు పద్ధతులు మంచివి. ఒకటి మోస్ శస్త్రచికిత్స. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ మోస్ 1930లలో మొదలుపెట్టింది. పలచటి పొర తీసి, దాని అంచంతా మైక్రోస్కోప్ కింద చూసి, కణాలు మిగిలిన వైపే మళ్లీ తీస్తారు. రెండోది ఫ్రోజెన్ సెక్షన్‌తో, అంటే తీసిన ముక్కను అప్పటికప్పుడే గడ్డకట్టించి మైక్రోస్కోప్ కింద చూసి, అంచులు చూసుకుంటూ తీయడం. రెప్పలో ప్రతి మిల్లీమీటరూ విలువైనదే కాబట్టి కంటిచుట్టూ వీటికే మొగ్గు. అంచులు శుభ్రమని తేలాకే రెప్ప తిరిగి కట్టాలి. ముందే కట్టేస్తే కింద మిగిలిన కణాలు కొత్త చర్మం చాటున పెరుగుతాయి. కింది రెప్ప చాలా భాగం పోతే పై రెప్ప లోపలి పొరను దించి కుట్టే హ్యూస్ పద్ధతి ఉంది. అన్ని రోజులూ, సాధారణంగా కొన్ని వారాలు, ఆ కన్ను మూసే ఉంటుంది. రెండో కంటితో చూపు సరిగా లేనివాళ్లు ఈ మాట ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవాలి, తర్వాత తెలిసి కంగారుపడితే లాభం లేదు.

కోత వీలుకానంతగా పాకిన బేసల్ సెల్‌కు విస్మోడెగిబ్ మాత్ర 2012 నుంచి ఉంది. కణితిని కుదించి, కన్ను తీయాల్సినచోట తీయకుండా నెట్టుకొచ్చే అవకాశం ఇస్తుంది. కండరాలు పట్టేయడం, రుచి పోవడం, జుట్టు రాలడం మామూలే. కడుపులో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది కాబట్టి ఆడా మగా ఇద్దరూ గర్భనిరోధం పాటించాలి, మందు మానిన తర్వాత కూడా డాక్టరు చెప్పినంతకాలం. స్క్వామస్‌కు సెమిప్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) 2018లో వచ్చింది.

నరం వెంట పాకితే

నుదుటి మీద, కణత మీద, చెంప మీద స్క్వామస్ సెల్ క్యాన్సర్ తీసేశారు. మచ్చ మానింది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక ఆ పక్క నుదుటి మీద చీమలు పాకుతున్నట్టు. తర్వాత సూదులు. తర్వాత ఆ ముక్క మొద్దుబారిపోతుంది. తర్వాతెప్పుడో ఒకటి రెండుగా కనిపించడం, రెప్ప వాలడం. క్యాన్సర్ నుదుటి నరం వెంట వెనక్కి నడిచి, కంటిగూడు దాటి, మెదడు అడుగున ఉన్న కేవర్నస్ సైనస్ (కంటి నరాలు సాగే రక్తపు గది) వైపు పోతోందన్నమాట. పైన చర్మం శుభ్రంగా ఉంటుంది, గడ్డ తగలదు. చికిత్సకు బాగా లొంగేది చీమలు పాకే దశలోనే.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ముఖం ఒక పక్క వంకరపోతే బెల్స్ పాల్సీ (ముఖ నరం ఉన్నట్టుండి చచ్చుబడే జబ్బు) అని మందిచ్చి పంపడం. బెల్స్ పాల్సీ రోజుల్లో వచ్చేస్తుంది, నెలల్లో తగ్గుముఖం పడుతుంది. ముందు కనుబొమ, కొన్ని వారాలకు రెప్ప, ఇంకొన్నాళ్లకు పెదవి, ఇలా కొమ్మ కొమ్మగా వాలిపోతూ వస్తే అది బెల్స్ పాల్సీ కాదు. రెండోది, సీటీ తీసి ఊరుకోవడం. నరం చూడాలంటే గాడోలినియం (బొమ్మ స్పష్టంగా పడటానికి రక్తనాళంలోకి ఎక్కించే మందు) ఇచ్చి, కొవ్వు మెరుపును అణచి, పలచటి కోతలతో తీసిన ఎంఆర్ఐ కావాలి. రిక్వెస్టు ఫారంలో "ట్రైజెమినల్ నరం మొదటి, రెండో కొమ్మలు, మొదట్నుంచి చివరిదాకా" అని, పాత క్యాన్సర్ ఎక్కడ తీశారో కూడా రాయించండి. ముఖానికి స్పర్శనిచ్చే నరం ట్రైజెమినల్. ఊరికే "తలనొప్పి" అని రాస్తే మెదడే చూస్తారు. స్కాన్ బాగుందని వచ్చినా మొద్దు పెరుగుతుంటే కొన్ని వారాల్లో మళ్లీ తీయాలి, నరం లావెక్కకముందు స్కాన్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. అవసరమైతే నుదుటి దగ్గర నరం ముక్కే తీసి పరీక్షిస్తారు.

ఎంఆర్ఐకి వెళ్లేముందు కాటుక, మస్కారా తుడిచేయండి, వాటిలో ఇనుప రంగులుంటే బొమ్మ చెడుతుంది, కన్ను మండుతుంది. ఎప్పుడైనా కంట్లో లోహపు రవ్వ పడి ఉంటే తప్పకుండా చెప్పండి.

రక్తం దారిలో వచ్చిన మెలనోమా

కంట్లో రక్తం ఎక్కువగా పారేది రెటీనా కింది కోరాయిడ్ పొరలో. అందుకే ఎక్కడెక్కడి క్యాన్సర్లైనా ముందు అక్కడే దిగుతాయి. చర్మపు మెలనోమాకు మాత్రం ఇంకో వింత అలవాటుంది. కంటి మధ్యలోని జిగురు, అంటే విట్రియస్‌లో, గోధుమ రంగు నలకల్లా, గుండ్రటి ముద్దల్లా తేలుతుంది. మిగతా క్యాన్సర్లు అక్కడికి రావడం చాలా తక్కువ. రోగికి కొత్తగా "పురుగులు ఎగిరినట్టు" కనబడుతుంది, చూపు మసకబారుతుంది. పరీక్షలో అది యువియైటిస్ అనే వాపులా కనిపిస్తుంది. స్టెరాయిడ్ చుక్కలు వేస్తారు, తగ్గదు. మెలనోమా చరిత్ర ఉన్నవాళ్లలో స్టెరాయిడ్‌కు లొంగని వాపును వాపుగా నమ్మకూడదు.

పరీక్ష రోజున ఏం జరుగుతుందంటే: చుక్కలు వేశాక కంటిపాప విచ్చుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు. తర్వాత 4 నుంచి 6 గంటలు దగ్గరి చూపు మసక, వెలుతురు పొడుచుకుంటుంది. బండి నడపకండి, చలవ కళ్లద్దాలు వెంట తీసుకెళ్లండి. ఒక కంటికే ఇబ్బంది ఉన్నా రెండు కళ్లూ చూడమనండి. మూసిన రెప్ప మీద జెల్ రాసి అల్ట్రాసౌండ్ చేస్తారు. యువియాలో పుట్టిన మెలనోమా పుట్టగొడుగులా తల విప్పుకుని, లోపలి ప్రతిధ్వని తక్కువగా కనిపించడం పేరుమోసిన గుర్తు. వేరేచోటి నుంచి వచ్చినవి ఎక్కువగా బల్లపరుపుగా ఉంటాయి. అయితే చర్మపు మెలనోమా కూడా గోధుమ రంగే కాబట్టి బొమ్మను చూసే ఖాయం చేయలేని కేసులుంటాయి. ఓసీటీ (వెలుతురుతో రెటీనా పొరలను తీసే స్కాన్) రెటీనా కింద నీరు చేరిందా చూపిస్తుంది. కంటి నాళాలను చూడటానికి రక్తంలోకి ఫ్లోరెసిన్ రంగు ఎక్కిస్తే ఒక రోజంతా ఒళ్లు పసుపుగా, మూత్రం నారింజ రంగుగా ఉంటుంది, భయపడనక్కర్లేదు.

విట్రియస్ నుంచి నమూనా తీసేటప్పుడు ఒక మెలకువ: కంట్లోకి సెలైన్ వదలకముందే మొదటి నమూనా తీయాలి. పలచబడితే కణాలు చాలవు. అది ల్యాబుకు వెంటనే చేరాలి, ఆ సంగతి ల్యాబుకు ముందే ఫోన్ చేసి చెప్పి ఉండాలి. సాయంత్రం తీసి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పంపితే కణాలు చితికి "తేల్చలేం" అని జవాబు రావచ్చు. మెలాన్-ఏ, హెచ్ఎంబీ-45, సాక్స్10 అనే రంగులతో మెలనోమా అని తేలుతుంది, అదే నమూనాలో బీఆర్ఏఎఫ్ కూడా చూడమనవచ్చు.

కంట్లో తేలిందంటే కన్ను ఒక్కటే చూసి ఊరుకోకూడదు. మెదడు ఎంఆర్ఐ, ఒంటికి పెట్-సీటీ (క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో చూపే స్కాన్), రక్తంలో ఎల్‌డీహెచ్ (మెలనోమా తీవ్రతను సూచించే ఎంజైము) అదే వారంలో చేయించాలి. చికిత్సకు పునాది ఒంటి మొత్తానికీ ఇచ్చే మందు. 2011లో ఇపిలిముమాబ్, 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందులు వచ్చాక మెలనోమా కథే మారింది. వాటికి దారి చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. బీఆర్ఏఎఫ్ మార్పు ఉంటే దానికి మాత్రల జంట ఉంది. అయితే కన్ను రోగనిరోధక వ్యవస్థ పెద్దగా తొంగిచూడని గది. ఒంట్లో గడ్డలన్నీ కరుగుతున్నా కంట్లోవి అలాగే ఉండటం, పెరగడం కూడా జరుగుతుంది. స్కాన్ బాగుందని కంటి పరీక్ష మానేయకూడదనేది అందుకే.

కంటికి విడిగా చేసేవి: బయటి నుంచి రేడియేషన్, తరచుగా 10 విడతల్లో మొత్తం 30 గ్రే (రేడియేషన్ కొలత), ఒకేచోట గడ్డ ఉంటే అయోడిన్-125 లేదా రుథీనియం-106 ఉన్న చిన్న పలకను కనుగుడ్డు మీద కుట్టి కొన్ని రోజుల తర్వాత తీసేయడం, విట్రియస్‌లో తేలే కణాలకు మెల్ఫలాన్ అనే కీమో మందు ఇంజెక్షన్లు. రేడియేషన్ తర్వాత కన్ను ఎండిపోవడం, శుక్లం, నెలల తర్వాత రెటీనా నాళాలు దెబ్బతినడం ఉండొచ్చు. చూపు పోయి, నొప్పి తగ్గని కంటిని మాత్రమే తీసేస్తారు.

మందు చేసే అల్లరి, జబ్బు చేసే అల్లరి

చికిత్సలో ఉన్నవాళ్ల చూపు మసకబారితే అందరికీ ముందు వచ్చే భయం క్యాన్సర్ కంటికెక్కిందని. చాలాసార్లు అది మందు పని. ట్రామెటినిబ్, బినిమెటినిబ్ లాంటి మెక్ మాత్రలు (బీఆర్ఏఎఫ్ మాత్రకు జంటగా ఇచ్చేవి) మొదలుపెట్టిన రోజుల్లో, వారాల్లో రెండు కళ్లలోనూ రెటీనా కింద నీరు చేరి, చూపు మధ్యలో పలచటి నీడ కనబడవచ్చు. ఎక్కువమందిలో దానంతటదే తగ్గుతుంది. అదే మాత్రతో ఒక కంట్లో ఉన్నట్టుండి చూపు పోతే రెటీనా సిర మూసుకుపోయి ఉండొచ్చు. అది వేరే సంగతి, ఆ పూటే వెళ్లాలి. ఇమ్యునోథెరపీతో నూటికి సుమారు ఒకరిలో యువియైటిస్ వస్తుంది: వెలుతురు ఓర్చుకోలేకపోవడం, ఎరుపు, నొప్పి. ఇది స్టెరాయిడ్ చుక్కలకు బాగా లొంగుతుంది, పైన చెప్పిన దొంగ వాపుకూ దీనికీ తేడా అదే. మందు మొదలుపెట్టకముందే ఒకసారి ఓసీటీతో కంటి పరీక్ష చేయించి ఉంచుకుంటే తర్వాత దేనితో పోల్చాలన్న తడుముకులాట ఉండదు. మసక వచ్చిందని మాత్ర మీ అంతట మీరు ఆపకండి, ఆ రోజే ఆంకాలజిస్టుకు ఫోన్ చేయండి.

ఇంకొకటి, చాలామంది డాక్టర్లకూ చప్పున తట్టనిది. రాత్రిళ్లు చూపు ఆనకపోవడం, కళ్లముందు ఎండమావిలా మిలమిల, కానీ రెటీనా చూస్తే మామూలుగా ఉంటుంది. మెలనోమా మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు పొరపాటున రెటీనా కణాల మీద పడటం వల్ల వచ్చే జబ్బు ఇది. ఈఆర్‌జీ అనే విద్యుత్ పరీక్షలోనే దొరుకుతుంది. "కళ్లు బాగానే ఉన్నాయి, మీ ఆందోళన" అని పంపేస్తే ఆ పరీక్ష పేరు చెప్పి అడగండి.

కంటిగూడు ఖాళీ చేయాల్సి వస్తే

గూటి లోపలంతా పాకిన రెప్ప క్యాన్సర్‌కు చివరి మార్గం ఎక్సెంటరేషన్: కనుగుడ్డు, కండరాలు, కొవ్వు, కొన్నిసార్లు రెప్పలతో సహా తీసేయడం. గూడు చర్మపు అతుకుతో గానీ, దానంతటదే గానీ మానుతుంది. దానంతటదే మానాలంటే నెలలు పడుతుంది. పెచ్చులను లాగి పీకకండి. గోరువెచ్చని ఉప్పునీటిలో తడిపిన గుడ్డతో మెత్తబరిచి తుడవండి. పూర్తిగా మానాకే కృత్రిమ కన్ను, రెప్పలు కలిసిన తొడుగు కొలత తీస్తారు.

ఒక కంటితో లోతు అంచనా తప్పడం మొదటి నెలల్లో అందరికీ ఉంటుంది. నీళ్లు పోసేటప్పుడు జగ్గు మూతిని గ్లాసు అంచుకు ఆనించి పోయండి. మెట్లు దిగేటప్పుడు పాదంతో అంచు తడిమి అడుగు వేయండి. చూపులేని వైపు తల ఇంకాస్త ఎక్కువగా తిప్పడం అలవాటు చేసుకోండి, రోడ్డు దాటేటప్పుడు మరీ. నంబరు లేకపోయినా పాలికార్బొనేట్ కళ్లద్దాలు రోజూ పెట్టుకోండి, అవి మిగిలిన కంటికి కవచం.

ఎండ జాగ్రత్తలో ఎక్కువమంది వదిలేసే చోటు రెప్పలు, ముక్కువైపు కొలికి. లోషన్ కంట్లోకి కారి మండుతుందని మానేస్తారు. జింక్ ఆక్సైడ్ ఉన్న కర్రలాంటి స్టిక్ కారదు, దాన్ని ఎముక అంచుదాకా రాయండి. మిగతా పని యూవీ400 అని రాసి ఉన్న, పక్కలు కూడా మూసే కళ్లద్దాలకు, 7, 8 సెం.మీ. అంచున్న టోపీకి వదిలేయండి.

చెకప్‌లు చర్మానిదీ కంటిదీ వేరువేరు చోట్ల నడుస్తుంటాయి, ఒకరి రిపోర్టు ఇంకొకరికి చేరదు. ప్రతిసారీ ఒక కాపీ మీరే తీసుకుని రెండోవాళ్లకు ఇవ్వండి. మందపాటి మెలనోమా, పెరిన్యూరల్ ఉన్న స్క్వామస్, సెబేషియస్ ఈ మూడింటిలో ఏది ఉన్నా "మళ్లీ ఎప్పుడు రావాలి?" అని మాత్రమే అడిగి లేవకండి. "ఏం కనబడితే ఆ తేదీ దాకా ఆగకుండా రావాలి?" అని కూడా అడిగి, జవాబు ఆ పాత కాగితం వెనకే రాసుకోండి.